రాజేశం అన్న కొన్న ఇనుము

2022 వేసవి. సోలాపూర్‌లో అశోక్ చౌక్ నుంచి లోపలికి పోయే ఒక సందులో, మందుల దుకాణం పై అంతస్తులో మా ఆఫీసు. మా సేఠ్ ఒక బ్రోకింగ్ కంపెనీకి సబ్‌బ్రోకర్. అంటే ఆ కంపెనీ తరఫున ఈ ఊళ్లో ఖాతాలు తెరిపించి, షేర్ల కొనుగోళ్లూ అమ్మకాలూ జరిపించే చిన్న ఏజెంటు. నేను ఆయన దగ్గర డీలర్‌ని. పేరు ఘనంగా ఉంటుంది కాని పని మామూలుదే. టెర్మినల్ అనే కంప్యూటర్ ముందు కూర్చుని, ఖాతాదారు చెప్పిన షేరును చెప్పిన ధరకు కొంటాను, అమ్మమంటే అమ్ముతాను. మా అమ్మ బీడీలు చుట్టి చదివించిన బీకాం నన్ను ఆ కుర్చీ దాకా తెచ్చింది. పెళ్లయి పిల్లలు పుట్టాక కూడా అదే కుర్చీ.

ఆ ఏడు మా ఆఫీసు ఎప్పుడూ నిండుగా ఉండేది. చూసినవాళ్లు వ్యాపారం బాగుందనుకునేవారు. వచ్చినవాళ్లలో సగం మంది పవర్‌లూమ్ షెడ్డుల యజమానులు, పని లేక వచ్చినవాళ్లు. నూలు ధర నెలనెలా ఎగబాకింది. టవల్ ధర మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. బయటి దేశాల నుంచి వచ్చే ఆర్డర్లు తగ్గిపోయాయి. నేసిన ప్రతి టవల్ మీదా నష్టమే అయినప్పుడు మగ్గం ఆపడం ఒక్కటే తెలివైన పని. దాజీ పేట్ సందుల్లో మామూలుగా మగ్గాల మోతకు పక్కనున్న మనిషితో కూడా గట్టిగా అరిచి మాట్లాడాలి. ఆ వేసవిలో అక్కడ నడుస్తుంటే ఇళ్లలోని కుక్కర్ కూతలు వినిపించేవి. యజమానులు మా ఫ్యాను కింద కూర్చుని, గోడ మీది టీవీలో పరిగెత్తే ధరలు చూసి, మధ్యాహ్నానికి లేచి వెళ్లిపోయేవారు.

వాళ్లలో రాజేశం అన్న ఒకడు. యాభై దాటిన మనిషి. దాజీ పేట్‌లో ఇంటి వెనకే షెడ్డు, అందులో ఎనిమిది మగ్గాలు. ఆయన తండ్రి కరీంనగర్ దిక్కు నుంచి వచ్చి ఇక్కడ కూలికి నేశాడు. రాజేశం అన్న కూడా కూలికి నేస్తూనే పెరిగాడు. తాను పనిచేసిన షెడ్డు మూతపడితే, అందులోని పాత మగ్గాలనే ఒక్కొక్కటిగా కొని తెచ్చుకున్నాడు. ఏ మగ్గం ఎక్కడ తిప్పలు పెడుతుందో కొనకముందే ఆయనకు తెలుసు. భార్య భాగ్య వదినె పెళ్లికి ముందు నుంచీ బీడీలు చుడుతోంది. భర్త యజమాని అయ్యాక కూడా ఆమె బీడీ కార్మికురాలి కార్డు వదులుకోలేదు. వాళ్లూ మేమూ దూరపు చుట్టాలం. వరసకు నేను ఆయనకు చెల్లెలిని.

ఆయన షేర్ల మనిషి కాడు. ఆ ఏడు సంక్రాంతి తర్వాత ఒకరోజు వచ్చి, నూలు ధర ఎందుకు పెరుగుతుందో నీ డబ్బాలో కనిపిస్తుందా అని అడిగాడు. పత్తి ధర చూపించాను. దాని పక్కనే బొగ్గు, ఇనుము, చమురు ధరలు కనిపించాయి. అన్నీ కలిసి పైకే పోతున్నాయి. ఆయన చాలాసేపు చూశాడు. మరుసటి రోజు మళ్లీ వచ్చాడు, ఆ తర్వాత రోజూ వచ్చాడు. గనుల కంపెనీలేవి, ఉక్కు కంపెనీలేవి, ఖనిజం ఎక్కడ తవ్వుతారు, ఎవరికి అమ్ముతారు అని అడిగి తెలుసుకున్నాడు. మొండి ప్రశ్నలు కావు. నేసేవాడు కొత్త నూలును వేళ్ల మధ్య నలిపి చూసినట్టు అడిగేవాడు.

ఒక నెల గడిచాక, నూలు కొనడానికి దాచిన డబ్బుతో ఇనుప ఖనిజం తవ్వే కంపెనీ షేర్లు, ఉక్కు కంపెనీ షేర్లు కొంటానన్నాడు. షెడ్డు సంగతేమిటని అడిగాను. వానలు వెళ్లాక తెరుస్తానని, కూలీలకు మాటిచ్చానని చెప్పాడు. నష్టానికి నేసి డబ్బు కరిగించుకునేకంటే, అప్పటిదాకా ఈ షేర్లలో పెడితే మేలని ఆయన లెక్క. మరి ఇవే షేర్లెందుకని అడిగితే చెప్పాడు.

"ఇన్నేండ్లు మేము కొనేటోళ్ల దిక్కే ఉన్నం చెల్లె. సూత్ కొనుడు, కరెంటు కొనుడు, మగ్గానికి ఇనుప సామాను కొనుడు. ధర పెరిగిందంటే సచ్చేది మేమే. ఒక్కపారి అమ్మేటోళ్ల దిక్కు నిలబడి చూస్త."

నూలును మా వాళ్లు సూత్ అనే అంటారు. ఆయన మాటలో నాకు తప్పేమీ కనబడలేదు. ఇప్పటికీ కనబడదు.

అయినా చెప్పాల్సినవి చెప్పాను. గనుల షేరు మిగతా షేర్ల లాంటిది కాదు. సబ్బుల కంపెనీ తన సబ్బు ధర తానే పెడుతుంది. గనుల కంపెనీ తన ఖనిజం ధర తాను పెట్టుకోలేదు. చైనాలో ఇళ్లు కట్టడం ఆగినా, ఎక్కడో యుద్ధం మొదలైనా, ఢిల్లీలో ఒక సంతకం పడినా ఆ ధర మారిపోతుంది. మంచి రోజుల్లో అందరికంటే వేగంగా లేచే షేరు అదే, చెడ్డ రోజుల్లో అందరికంటే ముందు పడేదీ అదే. సగం డబ్బు బ్యాంకులో ఉంచుకొమ్మని కూడా అన్నాను. ఆయన విన్నాడు. సగమే పెట్టాడు.

ఆ తర్వాత ధరలు పెరిగాయి. మార్చిలో, ఏప్రిల్ మొదట్లో ఆ షేర్లు లేచిన తీరుకు మా సేఠ్ కూడా తన కుర్చీలోంచి లేచి వచ్చి రాజేశం అన్న పక్కన కూర్చునేవాడు. మిగతా యజమానులు ఆయన్ను సలహాలు అడగసాగారు. షెడ్డు మూసుకున్నాక ఆ మనిషి ముఖం మీద నేను నవ్వు చూసింది ఆ రోజుల్లోనే. తన నలుగురు కూలీలకూ పని లేకపోయినా వారం వారం కొంత ఇచ్చేవాడు. వాళ్లు వేరే ఊళ్లకు వెళ్లిపోకుండా ఉండాలని.

అప్పుడే ఆయన మార్జిన్ ఫండింగ్ గురించి విన్నాడు. షేరు ధరలో కొంత భాగం మనం పెడితే, మిగతాది బ్రోకింగ్ కంపెనీ వడ్డీకి ఇస్తుంది. షేర్లు మాత్రం దాని దగ్గర తాకట్టులో ఉంటాయి. ధర తగ్గితే, తగ్గినంత మేరకు డబ్బు తెచ్చి కట్టమంటారు. దాన్ని మార్జిన్ కాల్ అంటారు. గడువులోగా కట్టకపోతే, ముంబైలోని రిస్క్ డెస్క్ వాళ్లు మనల్ని అడగకుండానే షేర్లు అమ్మేస్తారు. దాని పేరు స్క్వేర్ ఆఫ్. ఇదంతా మరాఠీలో ఒకసారి, తెలుగులో ఒకసారి ఆయనకు చెప్పాను. ఇంట్లో అడిగి రమ్మన్నాను. వదినెను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె నన్ను ఒకటే అడిగింది, మగ్గాలకేమన్నా అయితదా అని. మగ్గాలకు దీనితో సంబంధం లేదని చెప్పాను. కాగితం ప్రకారం అది నిజమే. షెడ్డు ఎక్కడా తాకట్టు పెట్టలేదు. ఆయన సంతకం పెట్టి, ఆ అప్పుతో అవే షేర్లు ఇంకొన్ని కొన్నాడు.

మే నెల చివర్లో ఒక శనివారం సాయంత్రం. నేను జోడ్‌భావి పేట్‌లోని మా ఇంట్లో జొన్న రొట్టెలు చేస్తున్నాను. మా ఆయన టీవీ చూస్తూ పిలిచాడు. పెట్రోలు మీద పన్ను తగ్గించారని పెద్ద అక్షరాలతో వార్త నడుస్తోంది. దాని కింద చిన్న అక్షరాలతో ఇంకొకటి. దేశంలో ధరలు దించడానికి ఇనుప ఖనిజం మీద, ఉక్కు మీద ఎగుమతి సుంకం వేశారు. సరుకు బయటి దేశాలకు పంపితే ఇక మిగిలేదేమీ ఉండదు. కంపెనీలు ఆ సరుకునంతా ఇక్కడే, తక్కువ ధరకు అమ్ముకోవాలి.

కాసేపటికి రాజేశం అన్న ఫోన్ చేశాడు. వార్త అర్థమయ్యే చేశాడు. "చెల్లె, ధరలు తగ్గియ్యిన్రి అని మేమే గద మోర్చా తీసింది. జెండా పట్టుకొని నేనే ముందల నడిచిన. ఇప్పుడు తగ్గిచ్చిన్రు. నేనిప్పుడు ఏమనాలె?"

మోర్చా అంటే ధరలు తగ్గించమని షెడ్డు యజమానులు తీసిన ఊరేగింపు. సోమవారం తొందరగా వస్తానని మాత్రం చెప్పాను.

సోమవారం మార్కెట్ తెరవగానే ఆ షేర్లు అంతకు ముందు మూసిన ధర దగ్గర ఆగలేదు. చాలా కింద మొదలయ్యాయి. మధ్యలో ఎక్కడా కొనేవాడు లేడు. బయటి మనుషులకు ఇది అర్థం కావడం కష్టం. ధర మెట్లు దిగినట్టు దిగితే ఏదో ఒక మెట్టు మీద అమ్ముకోవచ్చు. ఆ రోజు మెట్లే లేవు. రాజేశం అన్న నా వెనక నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. మధ్యాహ్నానికి ముంబై నుంచి మార్జిన్ కాల్ వచ్చింది. మర్నాటి లోపు కట్టాలి.

కొన్ని షేర్లు అమ్మి అప్పు తగ్గించుకొమ్మని, మిగిలినవైనా నిలుస్తాయని చెప్పాను. ఇప్పుడు అమ్మితే ఆ నష్టం ఇక నష్టమే అయిపోతుందని, ఉంచుకుంటే ఏదో ఒకరోజు లేస్తాయని ఆయన అన్నాడు. లోకానికి ఇనుము అక్కర లేకుండా పోదు కదా అన్నాడు. అందులోనూ తప్పు లేదు. బ్యాంకులో ఉన్న మిగతా సగం కూలీలకు, ఇంటికి, కరెంటు బిల్లుకు అప్పటికే చాలావరకు ఖర్చయింది. ఏం చేస్తావని అడిగాను. చూస్తానని చెప్పి మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే భాగ్య వదినె ఫోన్. "నువ్వు జెర రా. నీ మాటనన్న ఇంటడేమో."

ఆఫీసుకు వెళ్లే దారి మార్చి దాజీ పేట్ పోయాను. షెడ్డు ముందు టెంపో ఆగి ఉంది. లోపల భంగార్ వ్యాపారి, అంటే పాత ఇనుము కొనేవాడి మనుషులు ఇద్దరు పెద్ద సుత్తెలతో మగ్గం పక్క దిమ్మెను కొడుతున్నారు. పాత మగ్గాలవి పోత ఇనుము దిమ్మెలు, విప్పనక్కర లేదు, కొడితే పగులుతాయి. మగ్గాన్ని మగ్గంగా కొనేవాడు ఆ ఏడు ఊళ్లో ఎవరూ లేరు. అన్ని షెడ్డులూ మూతపడి ఉంటే ఎవరు కొంటారు? తూకానికి అమ్మితేనే డబ్బు చేతికొస్తుంది. షేర్లను కాపాడుకోవడానికి రాజేశం అన్న మగ్గాలను అమ్ముతున్నాడు.

నేను వెళ్లేసరికి రెండు మగ్గాలు ముక్కలయ్యాయి. వదినె గడప మీద కూర్చుని ఉంది. ఒడిలో బీడీల చాట ఉంది కాని చేతులు ఆగిపోయి ఉన్నాయి. రాజేశం అన్న వ్యాపారితో రేటు గురించి మాట్లాడుతున్నాడు. వ్యాపారి చెడ్డవాడు కాడు. దాజీ పేట్‌లో సగం మగ్గాలు ఆయన టెంపోలోనే వెళ్లాయి. ఆయన హిందీలో నెమ్మదిగా చెప్పాడు. పోయిన వారం వేరేవాళ్లకు ఇచ్చిన రేటు ఇప్పుడు ఇవ్వలేడట. జాల్నా వైపు ఉక్కు భట్టీలవాళ్లు నిన్నటి నుంచి పాత ఇనుము ధర బాగా తగ్గించేశారట. కొందరైతే కొనడమే ఆపేశారట. తన లోడ్ ఒకటి దారిలో నిలబడి ఉందట. ఎందుకని అడిగితే, ఢిల్లీ వాళ్లు ఇనుము మీద ఏదో టాక్స్ వేశారన్నాడు.

రాజేశం అన్న నా దిక్కు తిరిగాడు.

"ఇది గదే టాక్సా చెల్లె?"

"గదే అన్నా."

సుత్తెల చప్పుడు ఆగింది. ఆ ఇద్దరూ చెమట తుడుచుకుంటూ, ఇంకా కొట్టాలా వద్దా అన్నట్టు చూస్తున్నారు. రాజేశం అన్న పగిలిన దిమ్మె మీద చెయ్యి పెట్టాడు.

"నేను కొన్న ఇనుము పడ్డది. నేను అమ్మే ఇనుము సుత పడ్డది" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. చదువుకోని పాఠం ఎవరో అప్పజెప్పమన్నట్టు చెప్పాడు.

ఆపెయ్యమని చెప్పాను. షేర్లు పోతే పోనీ, మగ్గాలుంటే పని మళ్లీ మొదలవుతుందని బతిమాలాను. ఆయన నాతో వాదించలేదు. ఈ ధరకు నూలు కొని ఏం నేస్తాను, ఎవరికి అమ్ముతాను అని మాత్రం అడిగాడు. అప్పుడు వదినె లేచి లోపలికి వచ్చింది.

"ఒక్కటి ఉంచు" అంది. "ఎనిమిదిట్ల ఒక్కటి. నువ్వు నేసుకునేదానికి."

ఆయన ఆమె మాట కాదనలేక వ్యాపారి వైపు చూశాడు. వ్యాపారి తల అడ్డంగా ఊపాడు. లాటంతా అయితేనే ఈ మాత్రం రేటు, ఒకటి తగ్గితే కిరాయికి కూడా సరిపోదన్నాడు. రాజేశం అన్న సరే కానియ్యమన్నాడు. వదినె మళ్లీ గడప దగ్గరికి వెళ్లింది. ఈసారి కూర్చోలేదు. నేను అక్కడ నిలబడలేక ఆఫీసుకు వచ్చేశాను. మార్కెట్ తెరిచే వేళవుతోందని నాకు నేను చెప్పుకున్నాను.

బ్రోకింగ్ కంపెనీ నగదు తీసుకోదు. ఆయన మగ్గాలు అమ్మిన నోట్లను బ్యాంకులో వేసి, అక్కడి నుంచి పంపాడు. అది ఆ కాల్‌కు సరిపోయింది. షేర్లు నిలిచాయి. ఆ రోజుల్లో ఆయన రోజూ ఆఫీసుకు వచ్చి, పొద్దుగూకేదాకా టీవీ కింద కూర్చునేవాడు. ధరలు రెండు రోజులు ఆగినట్టు ఆగి మళ్లీ జారాయి. జూన్ అంతా జారాయి. ఇంకొక కాల్ వచ్చింది. అమ్మడానికి ఆయన దగ్గర ఇంకేమీ లేదు. వదినె మెడలోది ఆయన అడగలేదు, ఆమె ఇస్తానన్నా తీసుకోలేదు. ఇది ఆమె చెబితేనే తెలిసింది.

గడువు దాటాక నా టెర్మినల్ మీద ఆయన ఖాతాలో అమ్మకాలు వరసగా పడ్డాయి. అవి నా చేతులు చేసినవి కావు, ముంబైలో ఎవరో చేశారు. ఆ ఎవరికో రాజేశం అన్న ఒక నంబరు. ఫోన్ చేసి చెప్పడం మాత్రం నా పని. చేశాను. ఎంతకు అమ్మారో, అప్పూ వడ్డీ పోగా ఎంత మిగిలిందో చెప్పాను. మిగిలింది చెప్పుకోవడానికి సిగ్గుపడేంత. ఆయన అంతా విని, "అయితే ఇగ నేను రావాల్సిన పని లేదు గద" అన్నాడు.

నిజంగానే మళ్లీ రాలేదు.

వానలు వెళ్లాయి. ఆయన నలుగురు కూలీలలో ఇద్దరు భివండీ వెళ్లిపోయారని విన్నాను. దీపావళి తర్వాత ఆయన కూడా ఎంఐడీసీ పారిశ్రామికవాడ వైపు ఒకరి షెడ్డులో కూలికి చేరాడు. యజమానిగా బతికి, ఆ వయసులో మళ్లీ రోజంతా మగ్గాల మధ్య నిలబడడం ఎంత కష్టమో నేసే ఇళ్లలో పుట్టినవాళ్లకు చెప్పనక్కర లేదు. మోకాళ్ల కన్నా ముందు మనసు వంగిపోతుంది.

నవంబరులో ప్రభుత్వం ఆ సుంకం తీసేసింది. అర్ధ సంవత్సరం కూడా కాలేదు. ఆ షేర్లు లేచాయి. ఆయన కొన్న ధరను దాటాయి, తర్వాత దాన్ని చాలా వెనక వదిలేశాయి. ఆయన పేరున్న ఖాతా నా తెర మీద ఖాళీగా కనిపించేది. ఆ ధరలు చూసిన ప్రతిసారీ ఆయన ఎక్కడా ఎదురుపడకూడదని కోరుకున్నాను.

ఒక ఆదివారం కూరగాయల దగ్గర ఎదురుపడ్డాడు. చిక్కిపోయాడు. పిల్లల చదువులడిగాడు, మా అమ్మ ఆరోగ్యం అడిగాడు. నేను షేర్ల మాట ఎత్తలేదు. ఆయనే ఎత్తాడు.

"టీవీల చూసిన. నేను తప్పు సామాన్ కొనలే గద చెల్లె?"

"లేదన్నా. బరాబరే కొన్నవు."

ఆ మాట ఆయనకు కాస్త ఊరట ఇస్తుందనుకున్నాను. ఆయన ముఖం చూశాక తెలిసింది, ఇవ్వదని. తప్పు చేసి పోగొట్టుకున్నవాడికి ఇంకోసారి అలా చేయను అనుకోవడానికైనా ఉంటుంది. ఆయనకు అదీ లేదు. సంచీ భుజాన వేసుకుని, తోటకూర వాడిందని కూరలమ్మే ఆమెతో ఏదో అని, నెమ్మదిగా వెళ్లిపోయాడు.

ఇన్నేళ్ల నా పనిలో చాలామంది డబ్బు పోగొట్టుకోవడం చూశాను. ఆశ పడి పోగొట్టుకున్నారు, వినకుండా పోగొట్టుకున్నారు. రాజేశం అన్న ఆ లెక్కలో చేరడు. ధరలు పడినప్పుడు గనుల షేర్లు కొనుక్కుని, మళ్లీ లేచేదాకా ఓపిక పట్టమని పెద్దవాళ్లంతా చెబుతారు. అది నిజమే. కాని ఓపిక మనిషి గుణం కాదు, వేరే చోటి నుంచి వచ్చే అన్నం. కష్టకాలంలో నా మెట్లెక్కి వచ్చేవాడు ఆ అన్నం ఆగిపోయినందుకే వస్తాడు. అతని దగ్గర అమ్ముకోవడానికి మిగిలిందీ అతను కొన్న షేరూ ఒకే గాలికి పడేవైతే, రెండూ ఒకేరోజు పడతాయి, ఒకదాన్ని పెట్టి ఇంకొకదాన్ని నిలబెట్టుకోలేడు. అందుకని ఇప్పుడు షెడ్డు యజమాని ఎవరొచ్చినా మొదట అదే అడుగుతాను. నీ పని ఆగిన రోజు ఇది కూడా పడుతుందా, పడితే ఎన్ని నెలలు ముట్టుకోకుండా ఉండగలవు?

పోయిన ఏడు దాజీ పేట్ నుంచే ఒకాయన వచ్చాడు. టవల్ ఆర్డర్లు మళ్లీ తగ్గాయి, షెడ్డు ఒక్క షిఫ్టే నడుస్తోంది. నూలు డబ్బుతో షేర్లు కొంటానని, మార్జిన్ కూడా కావాలని అన్నాడు. నేను టెర్మినల్ వదిలి వచ్చి ఎదురుగా కూర్చున్నాను. పేరు చెప్పకుండా రాజేశం అన్న కథ మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. చాయ్ చల్లారిపోయేదాకా శ్రద్ధగా విన్నాడు. పాపం అన్నాడు, నిజంగానే బాధపడ్డాడు.

తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"ఆయన కొన్నది ఇనుము అక్కా" అన్నాడు. "నేను కొనేది రాగి."